చెవి మేస్త్రి కొట్టి చూసిన పట్టీ

ఆ లారీ యార్డులో మేస్త్రికి కన్నవాళ్లు పెట్టిన పేరేమిటో హాజరు పుస్తకం రాసే గుమస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన చెవి మేస్త్రి. పెద్ద పెద్ద ట్రెయిలర్ లారీల కింద బరువు మోసే కమాను కట్టలు విప్పడం, బాగుచేసి మళ్లీ ఎక్కించడం ఆయన పని. ముప్పై నాలుగేళ్లుగా అదే షెడ్డు, అదే నూనె మరకల నేల. కమాను కట్ట అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. వంచిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి నడుమ బోల్టు వేసి బిగిస్తారు, అంతే. అన్నిటికన్నా పైన ఉండే పొడుగాటిది పెద్ద పట్టీ. ఇరుసును చోటు కదలకుండా పట్టి ఉంచేది అదే. కింద పట్టీలు విరిగితే లారీ కుంటుతుంది. పెద్ద పట్టీ విరిగితే లారీ ఎటు పోతుందో దేవుడికే ఎరుక.

తంటా ఏమిటంటే పట్టీలో పగులు కంటికి కనపడదు. గ్రీజు కింద, మట్టి కింద వెంట్రుకంత సన్నగా దాక్కుని ఉంటుంది. అందుకని మేస్త్రి పట్టీని విప్పి, గొలుసుకు వేలాడదీసి, చిన్న సుత్తితో ఒక్కటి తగిలించి, కళ్లు మూసుకుని వినేవాడు. మంచి పట్టీ గంటలా మోగి, ఆ మోత సాగుతూ పోతుంది. పగిలిన పట్టీ పగిలిన కుండలా బొంగురుగా పలికి అక్కడికక్కడే చస్తుంది. ఇది చాలామందికి తెలిసిన విద్యే గానీ, మేస్త్రికి ఉన్నంత చెవి ఎవరికీ లేదు. ఒకసారి షెడ్డు ముందు టీ తాగుతూ, రోడ్డు మీద పోతున్న లారీ చప్పుడు విని, "దాని కుడివైపు మూడో పట్టీ పోయింది, ఆపండి" అన్నాడట. ఆపి చూస్తే నిజంగానే పోయిందట. అది మూడోదో నాలుగోదో, ఆయన టీ తాగుతున్నాడో లేదో, చూసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. కథ మాత్రం ఏటేటా బలిసింది. మేస్త్రి దాన్ని కాదనలేదు. మనిషన్నాక పొగడ్త ఒంటికి పట్టకుండా ఉంటుందా.

అలాంటి చెవి రెండేళ్ల నుంచి పోతూ వచ్చింది. ముందు పిట్టల కూత పోయింది, ఆయన గమనించలేదు. తరవాత ఫోను మోత పోయింది, ఫోను పాడైందన్నాడు. ముప్పై నాలుగేళ్లు పక్కనే ఉక్కు మీద సుత్తి పడుతుంటే ఆ చెవి మాత్రం ఏం చేస్తుంది పాపం.

"టీవీ అంత గట్టిగా పెడతారేంటండీ, వీధి వీధంతా వినాలా?" అనేది భార్య.

"ఈ కాలం వాళ్లు నోరు తెరిచి మాట్లాడరు, నసుగుతారు," అనేవాడు ఆయన.

"ఒక్కసారి డాక్టరుకి చూపించుకోండి. పోయేదేముంది?"

"నా చెవిని డాక్టరుకి చూపించాలా? యార్డులో తెలిస్తే తల ఎక్కడ పెట్టుకోను?"

ఆవిడ నెత్తి కొట్టుకుని లోపలికి పోయేది. ఆయన మాత్రం యార్డులో ఒక దొంగదారి వెతుక్కున్నాడు. పట్టీని కొట్టగానే, సర్దుతున్నట్టు నటిస్తూ వేళ్లు ఆనించేవాడు. మంచి పట్టీ వేళ్ల కింద జుమ్మంటుంది. అనుమానం వస్తే గొంతు పెద్దది చేసి "మార్చేయండి" అనేవాడు. మార్చితే పట్టీ పోతుంది, మనిషి పోడు కదా. అలా రెండేళ్లు నెట్టుకొచ్చాడు. ఆ ఒక్కరోజు కూడా అలాగే నెట్టుకొచ్చి ఉంటే ఈ కథ చెప్పుకునే పనే లేదు.

ఆ రోజు మధ్యాహ్నం నత్త డ్రైవరు తన లారీని షెడ్డులోకి తెచ్చాడు. ముందు ఎడమవైపు బెత్తెడు కుంగి ఉంది. అతని నడక మెల్లగా, మాట మెల్లగా, బండి మరీ మెల్లగా. ఇరవై రెండేళ్లలో బండికి ఒక గీత పడనివ్వలేదు. మిగతా డ్రైవర్లు వెక్కిరింతకు పెట్టిన పేరు అది. అతను దాన్ని బిరుదులాగే మోసుకు తిరిగేవాడు.

మేస్త్రి జాకీ ఎత్తి, దిమ్మలు పెట్టి, కట్ట దింపి విప్పాడు. కింద రెండు పట్టీలు తెగి ఉన్నాయి. విడిభాగాల స్టోరు చూసేది మేస్త్రి కూతురే. టేపు, పుస్తకం పట్టుకుని వచ్చి పట్టీల వెడల్పు, మందం కొలిచింది.

"నాన్నా, రెండు పోయాయంటే మిగతావాటికీ ఆయుష్షు మూడినట్టే. కట్ట మొత్తం మార్చేద్దాం, రెండు వైపులా. పుస్తకంలో కూడా అలాగే ఉంది. ఎల్లుండి పొద్దునకల్లా తెప్పిస్తా," అంది గట్టిగా. ఆయనతో ఎప్పుడూ గట్టిగానే మాట్లాడేది. అది తన చెవి కోసమేనని ఆయనకు తట్టలేదు, పొగరనుకునేవాడు.

"నాకేం తొందర లేదమ్మా. నేనెప్పుడు తొందరపడ్డాను గనక?" అన్నాడు నత్త డ్రైవరు నవ్వుతూ.

పని అక్కడితో అయిపోవలసింది. కంప్రెసరు దగ్గర టైరుకు గాలి కొడుతున్న టైర్లతను ఊరుకున్నాడా? "అయితే ఇక మేస్త్రి చెవికి దండేసి గోడకి తగిలించొచ్చు. పిల్ల పుస్తకం ఉందిగా," అన్నాడు. అటూ ఇటూ ఉన్న నలుగురూ గొల్లుమన్నారు.

మేస్త్రికి ఆ మాట మాత్రం బాగా వినపడింది. చురుక్కుమంది. "పుస్తకానికేం తెలుసు? రెండు పట్టీలే మారుద్దాం. పెద్ద పట్టీ సంగతి నేను చూస్తా. నువ్వెళ్లి యూ బోల్టులు పట్రా," అన్నాడు కూతురితో. ఆ పిల్ల మూతి ముడుచుకుని స్టోరుకు పోయింది.

పెద్ద పట్టీని గొలుసుకు వేలాడదీశాడు. సుత్తితో కొట్టాడు. 'టక్' మని దెబ్బ తగలడం చేతికి తెలిసింది. ఆయన చెవికి మాత్రం ఏమీ లేదు. మోగిందో లేదో తెలియలేదు. వేళ్లు ఆనించి చూద్దామంటే నలుగురూ ఆయన మొహంలోకే చూస్తున్నారు. తడిమి చూసేవాడికి చెవి మేస్త్రి అనే పేరెందుకు? నామోషీ అనిపించింది. ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు, ఎప్పటిలాగే తల పంకించాడు.

"గంటలా మోగుతోంది. విన్నావుగా?" అన్నాడు పక్కనే ఉన్న నత్త డ్రైవరుతో.

నత్త డ్రైవరు తల కొంచెం వంచి, నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. "మీరన్నాక ఇంకేముంది మేస్త్రీ," అన్నాడు.

మిగతా పనిలో మేస్త్రికి వంక పెట్టడానికి లేదు. కొత్త పట్టీలు రెండు, కొత్త నడుమ బోల్టు, కట్టను ఇరుసుకు బిగించి పట్టే కొత్త యూ బోల్టులు వేశాడు. ఒకసారి బిగిసి సాగిన యూ బోల్టును మళ్లీ వాడటం ఆయన ఇంటావంటా లేదు. నట్లు ఎదురెదురుగా, వరస తప్పకుండా బిగించాడు. అంత నిష్ఠగా బిగించింది పగిలిన పట్టీని.

మూడో రోజు పల్లంలో మలుపు దగ్గర లారీ ఉన్నట్టుండి ఎడమకు లాగేసి కాలవలో పడింది. నత్త డ్రైవరు కుడికాలు రెండుచోట్ల విరిగింది. బతికాడు, అదే పదివేలు. లారీని ఈడ్చుకొచ్చి యార్డులో పెట్టారు. విరిగిన పెద్ద పట్టీ ముక్కను గోనెసంచిలో చుట్టి షెడ్డులో పడేసి పోయారు.

మేస్త్రి సంచి విప్పి చూశాడు. విరుపు మొహంలో సగం కొత్త వెండిలా మెరుస్తోంది. మిగతా సగం నెలవంకలా, గోధుమరంగు తుప్పు పట్టి ఉంది. తుప్పు పట్టిన సగం ఎన్నాళ్ల కిందటో పగిలింది. మెరిసే సగం మొన్న విరిగింది. పని తెలిసిన వాడికి అది అక్షరాలు చదివినట్టే. తాను సుత్తితో కొట్టేనాటికి ఈ పట్టీ సగం చచ్చి ఉంది.

అంతలో ఓనరమ్మ వచ్చింది. తండ్రి తరవాత యార్డు నడుపుతున్న మనిషి. చిన్నప్పుడు ఈ షెడ్డులో నట్లతో ఆడుకున్నదే. మేస్త్రి మాటంటే తండ్రి మాటంత గురి.

"మేస్త్రీ, ఈ పట్టీ పడ్డాక విరిగిందా, ముందే పగిలి ఉందా? మీరు కొట్టి చూశారట కదా?"

మేస్త్రి గోనెసంచి అంచు కాలితో మెల్లగా ముక్క మీదికి జరిపాడు. "చూశానమ్మా," అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి, "గంటలా మోగింది," అన్నాడు.

"అయితే స్పీడు మీద మలుపు తిప్పాడన్నమాట. ఇరవై రెండేళ్లుగా ఉన్న మనిషని చూసుకుంటే లాభం లేదు. ఇక స్టీరింగు ఇవ్వను," అంది ఓనరమ్మ. ఈ యార్డులో స్టీరింగు పోయినవాడికి ఇంకే యార్డులోనూ స్టీరింగు దొరకదు. అది మేస్త్రికి తెలుసు. తెలిసీ కుక్కిన పేనులా ఉండిపోయాడు.

అందరూ భోజనాలకు వెళ్లాక ఆయన చేసిన పని చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. వైరు బ్రష్షు తీసుకుని ఆ విరుపు మొహాన్ని రుద్దాడు. తుప్పు పొడిపొడిగా రాలి, నెలవంక పోయి, మొహమంతా ఒకే మెరుపు తేలింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆయన తొక్కనూ తొక్కాడు, కడుక్కోనూ కడుక్కున్నాడు. చేతులకు అంటిన పొడిని సబ్బుతో మూడుసార్లు కడిగాడు.

కడుక్కుని, ఏదో చిన్న పిన్ను కావాలని స్టోరుకు వెళ్లాడు. కౌంటరు మీద పట్టీ రెండో ముక్క ఉంది. పట్టీ విరిగితే ముక్కలు రెండవుతాయని ముప్పై నాలుగేళ్ల మేస్త్రికి గుర్తు లేకపోయింది. దాని మొహం మీద కూడా అదే నెలవంక. ఆయన రుద్దిన దానికి జోడీ.

"కొత్తది తెప్పించాలిగా నాన్నా. దీని కొసన ఉన్న కన్నం నుంచి నడుమ బోల్టు దాకా కొలత తీసుకున్నా," అంది కూతురు. ఆ పిల్ల చూపు ఆయన తడి చేతుల మీద ఆగింది. ఆయన పిన్ను తీసుకోకుండానే వచ్చేశాడు.

ఆ ముక్క కౌంటరు మీదే ఉంది. కూతురు దాన్ని తీయలేదు, దాచలేదు, ఎవరికీ చూపించలేదు. ఏ బోల్టు కావాలన్నా, ఏ బుష్షు కావాలన్నా మేస్త్రి దాని ముందు నిలబడే అడగాలి. ఇంట్లో కంచం ముందు కూర్చున్నా ఆయన కళ్లకు అదే. తిట్టినా బాగుండు అనుకున్నాడు. తిడితే తిరిగి అరవచ్చు. మధ్యలో రెండు రోజులు ముసురు పట్టింది. రేకుల సందుల్లోంచి జల్లు పడి స్టోరంతా చెమ్మగిల్లింది.

ఆదివారం పొద్దున మేస్త్రి నత్త డ్రైవరును చూడ్డానికి వెళ్లాడు. ఎందుకు వెళుతున్నాడో ఆయనకే తెలియదు. బట్టలు ఇస్త్రీ చేసే కొట్టు మీద రెండు గదులు, ఇరుకు మెట్లు. నత్త డ్రైవరు కట్టు కట్టిన కాలును స్టూలు మీద పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. మేస్త్రిని చూడగానే లేవబోయాడు.

"కూర్చో తమ్ముడూ, కూర్చో," అన్నాడు మేస్త్రి.

"మీరొచ్చారు, ఈయనకి ప్రాణం లేచొచ్చింది," అంది డ్రైవరు భార్య కుర్చీ తుడిచి వేస్తూ. "వారం నుంచి గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడన్నయ్యా. తప్పు నాదేనని సంతకం కూడా పెట్టేశాడు."

"సంతకమా? స్పీడుగా పోయావా?"

"లేదు మేస్త్రీ. ఎప్పుడూ పోయినట్టే పోయా," అన్నాడు నత్త డ్రైవరు. "కానీ పట్టీ మంచిదైతే బండి అలా ఎందుకు లాగుద్ది? మీరు కొట్టి చూసి మోగిందన్నారు. మీరు తప్పు చెప్పరు. ఇక మిగిలింది నేనేగా. ఎక్కడో రెప్ప వాలుంటుంది, నాకే తెలీకుండా."

నత్త డ్రైవరు గొంతు ఇంకా తగ్గించి, సిగ్గుపడుతూ ఏదో అన్నాడు. మేస్త్రికి పెదాలు కదలడమే కనపడింది.

"ఏమన్నావు?"

అతను మళ్లీ అన్నాడు. మళ్లీ వినపడలేదు. "కాస్త గట్టిగా చెప్పు," అన్నాడు మేస్త్రి. మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పిచ్చి మాటలెండి," అన్నాడు నత్త డ్రైవరు, ఈసారి గట్టిగా. "ఆ రోజు మీరు పట్టీ కొట్టినప్పుడు నాకు బొంగురుగా వినిపించింది, పగిలిన కుండలాగా. నోటిదాకా వచ్చింది. మీ చెవి ముందు నా చెవెంతలే అని ఊరుకున్నా."

టీ వచ్చింది. మేస్త్రి గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేకపోయాడు. అక్కడే చెప్పేస్తే పోయేది. ఆ కట్టు కట్టిన కాలి ముందు, తనను చూసి లేవబోయిన ఆ మనిషి ముందు, మాట గొంతు దాటలేదు. పని ఉందని లేచి వచ్చేశాడు. మెట్ల మధ్యలో గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ మనిషి చెవులున్నవాడు. నిజం విన్నాడు. విన్నదాన్ని మేస్త్రి పేరు కోసం మింగేసి, ఇప్పుడు తప్పు కూడా తనదేనని సంతకం పెట్టాడు. ఇంతకన్నా సిగ్గుమాలిన బతుకు ఉంటుందా అనుకున్నాడు మేస్త్రి. కళ్లనీళ్లు తిరిగాయి.

సోమవారం పొద్దున లారీలు కదలక ముందు, అందరూ ఉండగానే, ఓనరమ్మను షెడ్డు దగ్గరకు రమ్మన్నాడు.

"అమ్మా, ఆ పట్టీ ముందే పగిలి ఉంది. నేను మోగిందని అబద్ధం చెప్పాను. నాకు వినపడదు. రెండేళ్లయింది."

ఓనరమ్మ నవ్వింది. "మీకు వినపడకపోతే ఇంకెవరికి వినపడుతుంది మేస్త్రీ? అతని మీద జాలితో మీ మీద వేసుకుంటున్నారు. నాకు తెలీదా?"

"జాలి కాదమ్మా. పగులు మీద తుప్పును నేనే రుద్దేశాను." చెప్పి కళ్లు దించుకున్నాడు. కూతురు స్టోరులోంచి రెండో ముక్క తెచ్చి ముందు పెట్టింది. వారం రోజుల చెమ్మకు దాని మొహమంతా ఎర్రగా తుప్పెక్కింది. నెలవంక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పోల్చుకోవడానికి లేదు. మేస్త్రి మొదటిరోజే నోరు విప్పి ఉంటే ఆ ముక్కే సాక్ష్యం చెప్పేది.

"వారం గాలికి పడున్న ఇనుముకి తుప్పు పట్టక పూత పూస్తుందా? దీన్నిబట్టి ఏం చెప్పగలం?" అంది ఓనరమ్మ.

అప్పుడు కూతురు, "మంచి పట్టీ ఒకటి, పగిలింది ఒకటి వేలాడదీసి కొడతా. ఏది ఏదో ఆయన్నే చెప్పమనండి," అంది.

"తప్పు చెప్పాలనుకుంటే ఎవరైనా చెప్పొచ్చు. అదీ ఒక రుజువేనా?" అన్నాడు టైర్లతను. అతను అన్నదీ నిజమే. చెవులున్నాయని మేస్త్రి రెండేళ్లు నమ్మించగలిగాడు గానీ, లేవని నమ్మించడం ఆయన తరం కావడం లేదు.

కూతురు మంచి పట్టీ ఒకటి గొలుసుకు వేలాడదీసి, చిన్న సుత్తి అందుకుంది. "మీరు గోడవైపు తిరగండి నాన్నా. నేను కొట్టగానే చెయ్యెత్తండి. చాలు," అంది.

మేస్త్రి గోడవైపు తిరిగాడు. ఎదురుగా ఆయన సుత్తులు వరసగా వేలాడుతున్నాయి. చివరి మేకు ఖాళీ, ఆ చిన్న సుత్తి కూతురి చేతిలో ఉంది. దూరంగా ఏదో ఇంజను గుర్రుమంటున్నట్టు కాళ్లకు తెలుస్తోంది. ఆయన చెయ్యెత్తడానికి సిద్ధంగా నిలబడ్డాడు. ఎంతకీ దెబ్బ పడలేదు. పాపం, పిల్లకు చెయ్యి రావడం లేదనుకున్నాడు. నలుగురిలో తండ్రి పరువు తియ్యాలంటే ఏ కూతురికి చెయ్యి వస్తుంది?

"కొట్టమ్మా, ఫరవాలేదు," అన్నాడు గోడతో.

ఇంకాసేపు ఆగాడు. "నా పరువు సంగతి చూడకు తల్లీ. ఆ మనిషి కాలు చూసి కొట్టు."

ఆయన విసుగ్గా వెనక్కి తిరిగాడు. "ఎంతసేపమ్మా..." అంటూ ఆగిపోయాడు. గొలుసుకు వేలాడుతున్న మంచి పట్టీ ఇంకా ఊగుతోంది. ఓనరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టైర్లతను నేలకేసి చూస్తున్నాడు. కూతురి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"అయిదుసార్లు కొట్టాను నాన్నా," అంది, ఆయనకు వినపడేలా గట్టిగా.

యార్డంతా ఆ మాట వినపడింది. మేస్త్రికి ఆ క్షణంలో భూమి బద్దలై అందులో దిగబడిపోతే బాగుండుననిపించింది. ఇంతమంది ఎదుట బట్టలిప్పి నిలబడ్డట్టయింది. అయినా తల ఎత్తి ఓనరమ్మతో, "ఆ రోజు కూడా ఇలాగేనమ్మా. పక్కనే ఉన్న అతనికి వినపడింది. నాకే వినపడలేదు," అన్నాడు.

ఓనరమ్మ ఆఫీసులోకి వెళ్లి, నత్త డ్రైవరు సంతకం పెట్టిన కాగితం తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టింది. "మీరే తీసుకెళ్లి ఇవ్వండి. మీ నోటితోనే చెప్పండి," అంది. ఆ ఇరుకు మెట్లు ఆయన రెండోసారి ఎక్కాడు. అంతా చెప్పాడు, బ్రష్షు సంగతితో సహా. నత్త డ్రైవరు చాలాసేపు కాగితం కేసి చూశాడు. భార్య ఈసారి కుర్చీ వేయలేదు. వేయకపోవడమే మేస్త్రికి నయమనిపించింది.

ఆ తరవాత యార్డులో ఆయన్ను చెవి మేస్త్రి అని ఎవరూ పిలవలేదు. ఉత్త మేస్త్రి అయ్యాడు. ఒక పట్టీ పోతే కట్ట మొత్తం మార్చాలన్నది యార్డు నియమమైంది. ఎవరి చెవీ అక్కర్లేదు. మేస్త్రి కట్టలు విప్పుతాడు, బిగిస్తాడు, కూతురు ఇచ్చిన కొలత మారు మాట్లాడకుండా ఒప్పుకుంటాడు.

అయిదు నెలలకు నత్త డ్రైవరు కొంచెం కుంటుతూ పనిలోకి వచ్చాడు. మొదటిరోజు తన లారీకి కొత్త కట్ట ఎక్కిస్తుంటే పక్కన నిలబడ్డాడు. మేస్త్రి కొత్త పెద్ద పట్టీని గొలుసుకు వేలాడదీసి, సుత్తి అతని చేతికిచ్చాడు. నత్త డ్రైవరు మెల్లగా ఒక దెబ్బ వేశాడు, తల వంచి విన్నాడు. విని, పాత అలవాటు ప్రకారం మేస్త్రి మొహంలోకి చూశాడు.

"బాగానే ఉందంటారా మేస్త్రీ?" అన్నాడు.

మేస్త్రి ఆ చూపును తట్టుకోలేక తల దించుకున్నాడు. "నన్నడక్కు తమ్ముడూ," అన్నాడు. "నీకేం వినపడిందో అది చెప్పు."